తొలి పాఠం చేనిగట్టు మీదే

తొలకరి పడగానే అనంతపురం జిల్లా కంబదూరు చుట్టుపక్కల ఎర్రనేలల్లో ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. వాటిని అగ్గిపెట్టెలో దాచుకోని పల్లె పిల్లలు తక్కువ. కానీ వాటి కాళ్లు లెక్కపెట్టమని అడిగే బడులు ఎన్ని? లెక్కపెడితే ఎనిమిది. చీమకేమో ఆరు. ఆ రెండు కాళ్ల తేడాతో, ఆరుద్ర పురుగు చీమకు కాదు, సాలీడుకూ తేలుకూ చుట్టమని చిన్న తరగతి పిల్లలకూ తెలిసిపోతుంది. ప్రాణుల గురించి తొలి పాఠం గోడమీది చార్టులోని జిరాఫీతో కాక, ఇలా కాళ్లకింది నేలతోనే మొదలుకావాలి. బొమ్మ పేరు చెప్పి ఊరుకుంటుంది. బతికున్నది ప్రశ్నలు పుట్టిస్తుంది.

ఇక్కడి ప్రధాన పంట వేరుశనగనే చూడండి. పసుపు పువ్వు నేలపైన పూస్తుంది. అది వాడాక ఊడ కిందికి దిగి మట్టిలో దూరుతుంది, దాని కొనే కాయవుతుంది. కాయ వేరుకే కాస్తుందనుకునే పిల్లలు ఒక్క మొక్క పీకి చూస్తే ఆ భ్రమ పోతుంది. వేళ్లకున్న బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుందన్న మాటా అప్పుడే మనసుకెక్కుతుంది. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే జిల్లాలో చూపడానికేముందని అనుకోకూడదు. ఆకులు ముళ్లయి కాండంలో నీరు దాచుకున్న నాగజెముడు, ఆకుకు మైనపు పూత పూసుకున్న జిల్లేడు కరువుకు ఎలా తట్టుకోవాలో చూపిస్తాయి. ఇదే సీమలో, మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ పాఠశాల పరిసరాలు 1991లో పక్షుల రక్షిత ప్రాంతమయ్యాయి. మెట్టప్రాంతపు బడి చుట్టూ గమనించాల్సిన జీవం ఉంటుందనడానికి అంతకన్నా రుజువేం కావాలి?

పాములు, తేళ్ల భయం నిజమైనదే. అందుకే రాళ్లు ఎత్తకూడదు, పొదల్లో చేయి పెట్టకూడదు అన్నవి ముందు నేర్పాలి. ఆ జాగ్రత్త పొలంగట్ల మీద తిరిగే పిల్లలకు ఎలాగూ అవసరమే. అంతకన్నా బలమైన అభ్యంతరం తల్లిదండ్రులది: మట్టిలోంచి బయటపడతారనే కదా బడికి పంపుతున్నాం, మళ్లీ మట్టేమిటని. వరుస కరువుల్లో అప్పులపాలైనవారి ఆ బాధను తేలిగ్గా తీసుకోలేం. అయితే ఇది సేద్యం నేర్పడం కాదు. చూడటం, లెక్కపెట్టడం, పోల్చడం, ఎందుకని అడగడం రేపు డాక్టరు కాబోయే పిల్లకూ కావాలి. బడి చదువును బయటి బతుకుతో కలపాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రమూ చెప్పింది. ఏకోపాధ్యాయ బడుల్లో తీరికెక్కడిదంటారా, దీనికి వారానికి ఒక్క పీరియడ్ చాలు.

బడులు జూన్ మధ్యలో తెరుస్తారు, ఆరుద్ర కార్తె 22 ప్రాంతంలో వస్తుంది. అయ్యవార్లూ, ఆ వారం ఒక పూట పిల్లల్ని గట్టుమీదికి తీసుకెళ్లండి. అగ్గిపెట్టెలు మాత్రం వద్దు, చూసి వదిలేయమనండి.