గెడ్డ బతకని తోట సహజ సాగు ఎలా అవుతుంది?

పై వీడియోలో మా కాఫీ తోట పక్కన గెడ్డ చూశారు కదా! యూరియా వెయ్యట్లేదు, పురుగుమందు కొట్టట్లేదు, ఇంక మన వల్ల దానికి హాని ఏముంది అనుకునేవాణ్ణి. పల్పర్ పెట్టిన మొదటి ఏడాది పండ్లు కడిగిన నీళ్లు నేరుగా గెడ్డలోకే వదిలేశాను. తప్పు చేశాను.

ఆ నీళ్లలో చక్కెర, జిగురు ఉంటాయి. అవి పులిసి ఆమ్లంగా మారతాయి, గెడ్డలో ఆక్సిజన్ తినేస్తాయి. పీహెచ్ ఒక్క పాయింటు తగ్గిందంటే ఆమ్లత్వం 10 రెట్లు పెరిగినట్టే. పైగా ఎండలు ముదురుతున్నాయి. సముద్రమట్టం దగ్గర 20 డిగ్రీల నీటిలో లీటరుకి 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకి ఏడున్నరే. కొండ మీద ఇంకా తక్కువ. రాళ్ల కింద పురుగులు పోతే, వాటిని తినే చేపలు, కప్పలు ఎక్కడ బతుకుతాయి?

భూమి వేడెక్కడం మన ఒక్కరి చేతిలో లేదు. గట్టు మీద చెట్లు, పల్పర్ నీళ్లు మన చేతిలోనే ఉన్నాయి. నీడనిచ్చే చెట్టు కొట్టొద్దు. తొక్క కంపోస్టుకి వెయ్యండి. నీళ్లు గుంతలో నిలబెట్టి, సున్నంతో పులుపు విరచండి. ఖర్చు ఉంది, నిజమే. కానీ గెడ్డని చంపి పండించిన కాఫీని సహజం అని అమ్మడానికి నాకైతే నోరు రాదు.