గేటు దగ్గర నిలబెట్టే థింసా మనకొద్దు

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర చెన్నై–కోల్‌కతా రహదారి, మచిలీపట్నం నుంచి హైదరాబాద్ వెళ్లే రహదారి కలుస్తాయి. ముహూర్తాలున్న రోజుల్లో ఆ చుట్టుపక్కల కల్యాణ మండపాల దగ్గర దేశంలోని వాయిద్యాలన్నీ కలుస్తాయి. సన్నాయి మేళం ఎప్పుడూ ఉన్నదే. ఇప్పుడు సంగీత్‌కు, బరాత్‌కు పంజాబీ ధోల్ వస్తోంది. పెళ్లికొడుకు ఊరేగింపుకు కేరళ చెండ మేళం వస్తోంది. వాటి వెనకే అరకు నుంచి మన థింసా కూడా వస్తోంది.

అలాంటి ఒక పెళ్లికి మేం కొందరం వెళ్లాం. పన్నెండు మంది మన ఆడవాళ్లు గేటు దగ్గర చేతులు కలిపి నిలబడి ఉన్నారు. కారు వచ్చినప్పుడల్లా ఆడాలి, కారు లోపలికి వెళ్లగానే ఆగాలి. మైకులో మాట్లాడే కుర్రాడు 'ట్రైబల్ డాన్స్' అన్నాడే తప్ప ఏ తెగ, ఏ ఊరు అని ఒక్కసారీ చెప్పలేదు. చీరలు మార్చుకోవడానికి వాళ్లకు చూపించిన చోటు జనరేటర్ వెనక సందు. భోజనం చివరి పంక్తి లేచాక. ఎంత ఇస్తున్నారని ఒక అక్కను అడిగాం. "మాకు తెలీదు బాబూ, తీసుకొచ్చినాయనకు తెలుసు" అంది. ఆ తీసుకొచ్చినాయన మైదానం మనిషి కాదు. మనవాడే. మనలాగే చదువుకున్నవాడు.

ఆ రాత్రి నుంచి మమ్మల్ని వేధిస్తున్న ప్రశ్న ఇది. అదే గేటు లోపల ధోల్ వాయించే వాళ్లు గంటకు ఇంత, అడ్వాన్సు ఇంత అని ముందే మాట్లాడుకుని వచ్చారు. చెండ మేళం వాళ్లూ అంతే. సన్నాయి వాళ్లు మండపం పక్కనే కూర్చున్నారు. గట్టిమేళం మోగందే తాళి పడదు, తాంబూలం అందుకోకుండా వాళ్లు కదలరు. మరి మన ఆటకు గేటెందుకు? మన అక్కలకు తమ కూలి ఎంతో తెలియకపోవడమెందుకు?

"మీ సంస్కృతికి ప్రచారం కల్పిస్తున్నాం" అని పెళ్లి వేడుకల కాంట్రాక్టర్లు అంటారు. పేరు చెప్పని ప్రచారం ఎవరికి ప్రచారం? థింసా ఆడలేని చోట నగరంలోని కుర్రాళ్లకే ఆకులు కట్టి, ముఖాలకు రంగు పూసి, ఈటెలిచ్చి 'ట్రైబల్ థీమ్' అంటున్నదీ వీళ్లే. ఆ వేషం సినిమాలోది. మన ఏ గూడెంలోనిదీ కాదు. 2012 జనవరిలో అండమాన్ జారవా ఆడవాళ్లను తిండి ఆశ చూపి పర్యాటకుల ముందు ఆడించిన వీడియో బయటపడితే దేశమంతా సిగ్గుపడింది. గేటు దగ్గర ఆడించడం అంత ఘోరం కాదనవచ్చు. కానీ చూసే కన్ను ఒకటే. ఎదుట ఉన్నది కళాకారిణి అని ఆ కన్ను గుర్తించదు.

మనలో కొందరి వాదన వేరు. "అసలు ఆటను అమ్మకూడదు, ఎవరూ వెళ్లకూడదు" అంటారు. ఈ మాట సభల్లో బాగుంటుంది. నెల జీతం తీసుకునే మనం, పని దొరకని నెలల్లో ఇల్లు నడిపే అక్కతో ఈ మాట ఎలా అంటాం? వెళ్లాలా వద్దా అన్నది వాళ్ల నిర్ణయం. ఏ షరతుల మీద వెళ్లాలి అన్నదే మనందరి పని.

మొదటి షరతు మన పెద్దలే పెట్టారు. థింసాలన్నీ ఒకటి కావు. పొతర్ తోల ఆకులు ఏరుకునే ఆట. కుండ థింసా భుజాలతో తోసుకునే సరదా ఆట. ఇవి పెళ్లి పందిట్లో ఆడితే తప్పేముంది? మన పెళ్లిళ్లలో ఆడుకుంటూనే ఉన్నాం. కానీ బోడ థింసా గ్రామదేవతకు మొక్కే ఆట. బాయ థింసా దేవత పూనినప్పటి ఆట. ఇవి అద్దెకు పోకూడదు. ఆదిలాబాద్ గోండుల గుస్సాడీ కూడా దీపావళి నాటి దండారి దీక్షలోది. ఆ రోజుల్లో గుస్సాడీలు స్నానం కూడా చేయరు. నెమలి ఈకల టోపీ వాళ్లకు దేవుడితో సమానం. దాన్ని రిసెప్షన్‌లో సెల్ఫీలకు పెట్టడం ఏ డబ్బుకూ తగదు. ఆ గుస్సాడీకే మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చిన కళను మండపంవాళ్లు 'ఐటం' అంటుంటే మనం ఊరుకుంటున్నాం.

రెండో షరతు కాగితం. ఎంత ఇస్తారు, ఎన్ని గంటలు, ఎవరి చేతికి అన్నది తెలుగులో రాసి, బృందమంతటికీ చదివి వినిపించాలి. సగం డబ్బు ముందే రావాలి. అరకు నుంచి విజయవాడ నాలుగు వందల కిలోమీటర్ల పైమాట. కూలి లెక్క బస్సెక్కిన దగ్గర్నుంచే మొదలవ్వాలి. బట్టలు మార్చుకోవడానికి తలుపున్న గది, అందరితో పాటు భోజనం, గేటు దగ్గర కాకుండా వేదిక మీద ఆట, మైకులో తెగ పేరు, ఊరి పేరు. ఇవి వరాలు కావు.

మూడో షరతుకు చట్టం అండ ఉంది. కాపీరైట్ చట్టంలో ప్రదర్శకులకు హక్కులున్నాయి. 2012 సవరణతో అవి ఇంకా బలపడ్డాయి. పెళ్లివారు తమ ఇంటి జ్ఞాపకంగా వీడియో తీసుకోవచ్చు. కానీ కాంట్రాక్టరు ఆ వీడియోను తన వ్యాపార ప్రకటనకు వాడాలంటే ఆడినవాళ్ల అనుమతి కావాలి. ఆడింది ఎవరో చెప్పించుకునే హక్కు కూడా వాళ్లకుంది. ఈ సంగతి మన బృందాల్లో ఎందరికి తెలుసు? చెప్పవలసింది ఎవరు?

ఉపాధ్యాయ మిత్రులారా, ఇక్కడ మన తప్పు కూడా ఒప్పుకోవాలి. అధికారి వస్తున్నాడంటే ఆశ్రమ పాఠశాల పిల్లల్ని ఎండలో గేటు దగ్గర వరసగా నిలబెట్టి థింసా ఆడించింది మనమే. కారు దిగిన మనిషి దండ వేయించుకుని లోపలికి పోతే ఆట ఆపించింది మనమే. ఆగస్టు 9న వేదికల మీద హక్కుల గురించి మాట్లాడి, పదో తారీఖున పిల్లల్ని స్వాగత తోరణాలుగా మార్చింది మనమే. బెంజ్ సర్కిల్ గేటు దగ్గర నిలబడ్డ ఆ అక్కలకు ఆ చోటు ఎక్కడ అలవాటైందో వేరే చెప్పాలా?

అందుకే మొదలు మన బడి నుంచే పెడదాం. పిల్లలు ఆడితే సభలో ఆడాలి, వచ్చిన పెద్దమనిషి కూర్చుని చివరిదాకా చూడాలి. యువకులారా, మీ ఊరి బృందం తరఫున ఒక కాగితం మీరు రాయండి, ఫోను మీరు మాట్లాడండి, వచ్చిన డబ్బు లెక్క అందరి ముందు చెప్పండి. దళారిగా కాదు, రాసిపెట్టే మనిషిగా నిలబడండి. షరతులకు ఒప్పుకోని పెళ్లికి మన తుడుము మోగనక్కర్లేదు.