చూచేవారి మాట, ఆడేవారి ప్రాణము



సర్కస్ అనగానే మన గ్రామాలలోని పెద్దలకు గుర్తుకు వచ్చేది పెద్ద డేరా, బోనులో సింహాలు, బంతి తన్నే ఏనుగు, నవ్వించే జోకర్లు, ఒక ఉయ్యాల మీద నుండి మరొక ఉయ్యాల మీదికి ఎగిరే అమ్మాయిలు. పట్టణములో డేరా వేశారని తెలిస్తే కోతలు ముగించుకొని కుటుంబమంతా బయలుదేరేవారు. చూచి వచ్చిన తరువాత ఊరంతా ఒకటే మాట: "భలే ఉన్నది." సర్కసును గూర్చి అభిప్రాయభేదము అనేది మనము ఎరుగము.

అయితే ఒక్కొక్క సర్కస్ ఉన్నది, ఒకే వరుసలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు చూచి లేచి, ఒకరు కన్నీళ్ళు తుడుచుకుంటూ, మరొకరు ఆవులిస్తూ బయటికి వస్తారు. ఈ నెల దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పాలని తలంచాము. దాని పేరు సిర్క్ దు సోలే. ఫ్రెంచి భాషలో "సూర్యుని సర్కస్" అని అర్థము. మేము దీనిని స్వయముగా చూడలేదు. చూచినవారి మాటలు విన్నాము, దాని చరిత్రను కొంత చదివాము. విన్నకొలది, ఇది సర్కసును గూర్చిన సంగతి మాత్రమే కాదని మాకు తోచినది.

ముందుగా దాని పుట్టుక. కెనడా దేశములో క్యూబెక్ అను రాష్ట్రమున్నది. అక్కడ ఫ్రెంచి మాట్లాడతారు. ఆ రాష్ట్రములోని బే-సాన్-పాల్ అనే చిన్న ఊరిలో కొందరు యువకులు వీధులలో ఆటలాడేవారు. పొడవాటి కొయ్యకాళ్ళు కట్టుకొని నడిచేవారు, నోటితో నిప్పు ఊదేవారు, వాద్యాలు వాయించేవారు. వారిలో జీల్ సాన్-క్రోవా అనే ఆయన 1980లో ప్రభుత్వ సహాయము సంపాదించడానికి తన ఊరి నుండి క్యూబెక్ నగరము వరకు దాదాపు 90 కిలోమీటర్లు కొయ్యకాళ్ళ మీదనే నడిచి వెళ్ళాడు. 1984లో, జాక్ కార్టియే అను నావికుడు కెనడా చేరి 450 ఏళ్ళయిన సందర్భమున జరిగిన ఉత్సవాలలో, ఆయనయు గీ లాలిబెర్తే అను మరొక వీధి కళాకారుడును ప్రభుత్వ సహాయముతో ఈ సర్కసును ప్రారంభించారు. 1987లో అమెరికాలోని లాస్ ఏంజిలస్ నగరములో ఆడిన తరువాత దాని పేరు దేశదేశాలకు వ్యాపించినది.

ఇది మనము ఎరిగిన సర్కసు వంటిది కాదు. ఇందులో ఏనుగులు, సింహాలు ఉండవు. ఆడేది మనుష్యులే. మొదటి నుండి చివర వరకు నాటకము వలె ఒక భావమును పట్టుకొని నడుస్తుంది. వేషాలు, దీపాలు, సంగీతము అన్నీ దానికి తగినట్లు కూర్చుతారు. పాటలు ఉంటాయి గాని వాటిలో చాలా పాటలు ఏ దేశపు భాషలోనూ ఉండవు. అర్థము లేని శబ్దాలతో కల్పించిన మాటలు అవి. లాస్ వేగాస్ నగరములోని పెద్ద హోటళ్ళలో ఈ ఆటల కొరకే శాశ్వతమైన రంగశాలలు కట్టారు. 1998లో బెల్లాజియో హోటలులో ప్రారంభమైన "ఓ" అను ఆటను చూడండి. వేదిక క్రింద దాదాపు 57 లక్షల లీటర్ల నీరు పట్టే కొలను ఉన్నది. ఒక నిమిషము అది నేల, మరు నిమిషము లోతైన మడుగు. మునిగిన కళాకారులకు నీటి అడుగున గజ ఈతగాళ్ళు గాలి అందిస్తారు. "ఓ" అంటే ఫ్రెంచిలో నీరు అని పలికే ధ్వనియే.

అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న మన తెలుగు బిడ్డలు తల్లిదండ్రులను పిలిపించుకున్నప్పుడు లాస్ వేగాస్ కూడ చూపిస్తారు. అలాగే 2018 నవంబరులో ఈ సంస్థవారు "బజార్" అను ఆటను ముంబాయిలో డేరా వేసి ఆడారు, తరువాత ఢిల్లీలో ఆడారు. కనుక చూచినవారు మన మధ్య కూడ అక్కడక్కడ ఉన్నారు. వారి అభిప్రాయాలు వినండి.

ఒకరంటారు: "దేవుడిచ్చిన దేహము ఇంతగా వంగగలదని, ఇంత బరువు మోయగలదని మేమెన్నడూ అనుకోలేదు. మాటలు అర్థము కాకపోయినా కంట నీరు వచ్చినది." మరొకరంటారు: "కథ ఏమిటో చివరిదాకా తెలియలేదు. ఒక పక్క తాడు మీద ఒకడు, మరో పక్క పాట పాడే ఆమె, మధ్యలో వేషాలు. ఎటు చూడాలో తెలియక తల నొప్పి పట్టినది." ఒక తాతగారికి జంతువులు లేని సర్కసు ఉప్పులేని కూర వలె ఉన్నదట. ఆయన మనుమరాలికి మాత్రము జంతువులను కొట్టి ఆడించకపోవడమే అన్నిటికంటె నచ్చినది. కొందరు టిక్కెట్టు వెల విని ఆటంతా లెక్కలు కడుతూనే కూర్చున్నారు. ఇటువంటి స్థలానికి విశ్వాసి వెళ్ళవచ్చునా అని అడిగినవారు కూడ ఉన్నారు.

వీరిలో ఎవరు అబద్ధమాడుతున్నారు? ఎవరూ కాదు. ప్రతివాడును తన ఇంటి నుండి ఒక కుంచము తెచ్చుకొని దానితోనే కొలిచాడు. కథ కొరకు వెళ్ళినవాడు కథతో, నవ్వు కొరకు వెళ్ళినవాడు నవ్వుతో, డబ్బు పోగొట్టుకున్నానని తలచినవాడు డబ్బుతో కొలిచాడు. కుంచము వేరైతే కొలత వేరవుతుంది గదా! జంతువుల సంగతే తీసుకోండి. తాతగారు తప్పు చెప్పలేదు, ఆయన చిన్ననాట చూచినది అదే. కాని కాలము మారినది. మన దేశములో కూడ ఎలుగుబంట్లను, కోతులను, పులులను, చిరుతలను, సింహాలను ఆడించరాదని కేంద్ర ప్రభుత్వము 1998లో ప్రకటన చేయగా, 2001లో సుప్రీంకోర్టు దానిని సమర్థించినది. మనుమరాలు ఆ మారిన కాలములో పుట్టినది. ఇద్దరి మధ్య ఉన్నది తగవు కాదు, వయస్సు.

డబ్బు పెట్టి ఆడించేవారికి కూడ ఈ భేదము తప్పలేదు. 1993లో లాస్ వేగాసులోని ట్రెజర్ ఐలాండ్ హోటలులో "మిస్తేర్" అను ఆట ప్రారంభము కావలసియున్నప్పుడు, హోటలు యజమాని స్టీవ్ విన్ ముందుగా చూచి దిగులుపడ్డాడు. ఇది మరీ బరువుగా, చీకటిగా, జర్మనీ సంగీత నాటకము వలె ఉన్నదన్నాడు. దర్శకుడు ఫ్రాంకో డ్రాగోన్ ఆ మాటను నింద అనుకోలేదు, గొప్ప మెప్పుగా తీసుకున్నాడు. ఒకే మాట చెప్పినవానికి ఫిర్యాదు, విన్నవానికి బహుమానము. ఆ ఆట 30 ఏళ్ళకు పైగా నడిచినది.

ఇక విశ్వాసి వెళ్ళవచ్చునా అను ప్రశ్నకు మేము చెప్పేది ఇదే. ఒక సంస్థ పేరు చూచి అన్నిటినీ ఒకే గాటను కట్టవద్దు. ఈ సంస్థవారే 2003లో పెద్దలకు మాత్రమేనని చెప్పి "జుమానిటీ" అను ఆటను పెట్టి, 2020 వరకు నడిపారు. అది పిల్లలతో చూచేది కాదు. మిగిలినవాటిలో అనేకము కుటుంబముతో చూడదగినవి. ఏది ఎటువంటిదో అడిగి తెలుసుకొని వెళ్ళడము తల్లిదండ్రుల పని.

ఇంతవరకు చెప్పిన అభిప్రాయాలన్నీ ఉండవచ్చును. అయితే ఒక అభిప్రాయము మాత్రము మా మనస్సును కలతపెట్టినది. "అంతా బాగానే ఉన్నది గాని, నడుముకు తీగలు కట్టుకొని ఆడుతున్నారు, క్రింద వల ఉన్నది. ప్రమాదమేమీ లేదు, ఇక అందులో గొప్ప ఏమిటి?" అని కొందరంటారు.

ప్రమాదము లేదా? "కా" అను ఆట ఉన్నది. ఎమ్.జి.ఎమ్. గ్రాండ్ హోటలులో 2005లో ప్రారంభమైనది. దాని వేదిక యంత్రాల మీద తిరుగుతూ, ఒరుగుతూ, చివరికి గోడ వలె నిలువుగా లేచి నిలుస్తుంది. తీగలు కట్టుకున్న కళాకారులు ఆ నిట్టనిలువు గోడ మీద యుద్ధము చేస్తున్నట్లు ఆడతారు. 2013 జూన్ 29వ తేదీ రాత్రి ఆ యుద్ధపు ఘట్టములో 31 ఏళ్ళ ఫ్రెంచి కళాకారిణి ఒకామె మిక్కిలి వేగముగా పైకి వెళ్ళినప్పుడు తీగ కప్పీలో నుండి తప్పి, తెగిపోయినది. ఆమె 90 అడుగులకు పైగా ఎత్తు నుండి పడి మరణించినది. ఆమె ఇద్దరు బిడ్డల తల్లి. ఆ సంస్థ ఆటలలో ప్రదర్శన జరుగుచుండగా సంభవించిన మొదటి మరణమది. కొన్నాళ్ళు ఆట ఆపివేశారు. మరల మొదలుపెట్టినప్పుడు ఆ యుద్ధపు ఘట్టమును చాలాకాలము తీసివేశారు. 2018 మార్చిలో ఫ్లోరిడాలోని టాంపా నగరములో 15 ఏళ్ళకు పైగా అనుభవమున్న మరొక కళాకారుడు గాలిలో పట్టీలు పట్టుకొని ఆడుతూ పడిపోయి చనిపోయాడు.

ఆ 2013 నాటి రాత్రి చూచినవారు పత్రికలవారికి చెప్పిన సంగతి ఒకటి ఉన్నది. ఆమె పడినప్పుడు ప్రేక్షకులలో చాలామంది మొదట అది కూడ ఆటలో భాగమేనని అనుకున్నారట. ఈ మాట దగ్గర మేము చాలాసేపు ఆగాము. అనుకున్నవారు కఠినులు కారు, మన వంటివారే. కాని దీపాలు, సంగీతము, వేషము కలిసి ఒక మనిషిని మన కంటికి బొమ్మగా మార్చివేయగలవు. అటువంటప్పుడు ఆమె తల్లి అని, రేపు ఉదయము ఆమె కొరకు ఎదురుచూచే బిడ్డలున్నారని తోచదు.

ఇది దూరదేశపు సంగతి అని తీసివేయకండి. మన తెలుగు గ్రామాలలో దొమ్మరి కుటుంబాలు తరతరాలుగా ఈ విద్యనే ఆడారు. డోలు మ్రోగుతుంటే ఎత్తైన వెదురు గడ మీద ఒక స్త్రీ ఎక్కి, గడ కొన మీద పొట్ట ఆనించి గిరగిర తిరిగేది. చిన్నపిల్ల తాడు మీద నడిచేది. క్రింద వల లేదు, తీగ లేదు. చుట్టూ నిలిచినవారు "ఇంకా పైకి, ఇంకా పైకి" అని కేకలు వేసేవారు. ఆట ముగిసిన తరువాత కొందరు చేటెడు గింజలు పెట్టేవారు, కొందరు "ఇదేమంత విద్య" అని తలుపు వేసుకునేవారు. పైగా ఆ కులము పేరునే మనవాళ్ళు తిట్టుగా మార్చుకున్నారు. లాస్ వేగాసులో ఆ విద్యకు వందల డాలర్లు ఇచ్చి లేచి నిలిచి చప్పట్లు కొడతారు. మన వీధిలో అదే విద్యకు గుప్పెడు గింజలు, ఒక తిట్టు. విద్యలో అంత తేడా ఉన్నదా? వెలుగులో, వేషములో, టిక్కెట్టులో ఉన్నది తేడా.

పెద్ద పేరు సంపాదించినా ఆడేవాని బ్రతుకు నిలకడైనది కాదు. 2020లో కరోనా తెగులు వచ్చినప్పుడు ఈ సంస్థ లోకమంతట ఉన్న తన ఆటలన్నిటిని ఆపివేసినది. అప్పుల భారముతో ఆ జూన్ నెలలో న్యాయస్థానపు రక్షణ కోరి, దాదాపు 3,500 మందిని పనిలో నుండి తొలగించినది. 2021లో లాస్ వేగాస్ రంగశాలలు మరల తెరిచారు. ఆ మధ్య కాలములో చప్పట్లు ఎవరి ఇంటి పొయ్యి వెలిగించలేదు. ఈ మాట వ్యవసాయము చేసే మన కుటుంబాలకు వేరుగా వివరించనక్కరలేదు. మన పంట కూడ ఎవరో చూచి వెలకట్టేదే గదా! ఏడాది పొడుగునా పడిన కష్టమును మార్కెట్టు యార్డులో ఒకడు గుప్పెడు తీసి చూచి "తేమ ఉన్నది" అని ఒక్క మాటతో తేల్చినప్పుడు మనకు ఎట్లుంటుందో మనకు తెలుసు.

కాబట్టి అభిప్రాయము చెప్పవద్దని మేము అనడము లేదు. నచ్చనిది నచ్చలేదని చెప్పడము తప్పు కాదు. కథ అర్థము కాలేదంటే కాలేదనే చెప్పండి. వెల ఎక్కువనిపిస్తే వెళ్ళకండి, అందుకు సిగ్గుపడనక్కరలేదు. పక్కవారికి నచ్చినది మనకు నచ్చకపోతే వారిని తెలివితక్కువవారని అనవద్దు, వారు తెచ్చుకున్న కుంచమేమిటో అడిగి చూడండి. అప్పుడు తగవు మాటామంతీ అవుతుంది. అయితే తీగ ఉన్నది గనుక ఆట చప్పగా ఉన్నదని మాత్రము అనవద్దు. మనము కోరినదే ఆడేవారు చూపుతారు. తీగ లేకుండా ఆడితేనే మెచ్చుకుంటామంటే, రేపు ఒకడు తీగ లేకుండా ఎక్కుతాడు.

మన బిడ్డల విషయములో కూడ ఇది జ్ఞాపకముంచుకోదగినది. సర్కసులో చూచిన ఆటను దూలము మీద, బావి గట్టు మీద చేయబోయే పిల్లవాని చుట్టూ స్నేహితులు చేరి చప్పట్లు కొడతారు. వానిని దింపి, ఆ విద్య వెనుక ఎన్ని ఏళ్ళ సాధన, ఎంతమంది కాపలా, ఎన్ని తాళ్ళు ఉన్నవో కూర్చోబెట్టి చెప్పండి. ఇంకొక సంగతి కూడ చెప్పండి. ఆ విద్య మన వీధిలో ఆడినవారి పేరును తిట్టుగా వాడే మాట మన ఇంట వినబడకూడదని చెప్పండి. ముందుగా పెద్దలము మనము మానుకుంటే, పిల్లలకు చెప్పడము సులువవుతుంది.