పొడుగు తీగ మీద పగ ఎందుకు?

మా విశాఖలో ఇంటింటికీ ఫైబర్ వచ్చింది, దానితోపాటు కత్తెర వ్యామోహమూ వచ్చింది. మోడెమ్ హాల్లోంచి పడకగదిలోకి మార్చాలన్నా, గోడవారన వేలాడే చుట్ట కంటికి నచ్చకపోయినా దొరికే సలహా ఒక్కటే: "ఎక్కువైన వైరు కోసెయ్యండి, స్పీడు కూడా పెరుగుతుంది." ఇది శుద్ధ తప్పు. నిక్షేపంలాంటి కనెక్షన్లను పాడుచేస్తున్నది కనుక కాస్త గట్టిగానే చెప్పవలసి వస్తున్నది.

ఈ నమ్మకం ఎక్కడ పుట్టిందో ఊహించడం కష్టం కాదు. 2005లో బీఎస్ఎన్ఎల్ డేటావన్ తీసుకున్న మిత్రులకు గుర్తుండే ఉంటుంది. అది టెలిఫోను రాగితీగ మీద నడిచే ఏడీఎస్ఎల్. ఎక్స్ఛేంజికి దూరమయ్యే కొద్దీ వేగం పడిపోయేది. ఆ అనుభవం సత్యమే. రాగి పోయింది గాని రాగినాటి భయం పోలేదు.

గాజు తంతువు సంగతి వేరు. 1310 నానోమీటర్ల కాంతి అందులో కిలోమీటరు నడిస్తే కోల్పోయేది సుమారు 0.35 డెసిబెల్. 20 మీటర్ల చుట్టకు లెక్కగడితే 0.007. ఆ 20 మీటర్లు దాటడానికి పట్టే కాలం మైక్రోసెకనులో పదోవంతు. కత్తెరతో మీరు సంపాదించే లాభం ఇంతే! కోసిన కొసకు మళ్ళీ కనెక్టరు బిగించాలి. గాజు నున్నగా తెగకపోయినా, వేలి జిడ్డు అంటినా అది అర డెసిబెల్ మింగగలదు. అంటే దాదాపు కిలోమీటరున్నర తీగతో సమానం. పైగా రేపు బల్ల రెండు గజాలు జరపాలంటే తీగ అందదు. మధ్యలో అతుకు, అతుకుకో డబ్బా.

అసలు శత్రువు వంపు. పాత జీ.652 తంతువుకు 30 మిల్లీమీటర్ల కన్నా ఇరుకైన మలుపు పనికిరాదు. జీ.657.ఏ2 రకం 7.5 దాకా ఓర్చుకుంటుంది. మీ ఇంట్లో ఏ రకం ఉందో తెలియనప్పుడు తలుపు సందులో నలిపి, మేకుతో అదిమి "నీట్‌గా" చేయడమెందుకు?

వీధిలో స్తంభానికి వేలాడే చుట్టనూ ఇదే కంటితో చూస్తున్నాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన స్తంభాలను ఏం చేసిందో చూసినవాళ్ళమే. తరువాత ప్రపంచబ్యాంకు ఋణంతో నగరంలో కొన్నిచోట్ల కరెంటు తీగలు భూమిలోకి వెళ్ళాయి. ఫైబర్ మాత్రం చాలా వీధుల్లో గాలిలోనే ఉంది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్ కూడా కరెంటు స్తంభాల ఆసరాతోనే ఊళ్ళు చేరింది. స్తంభం ఒరిగితే తెగిన కొసలను కిందికి దించి అతకడానికి ఆ మిగులే ఆధారం. (వాడకం లేని తీగల తోరణాలు స్కూటరు మీద వెళ్ళేవాడి మెడకు తగులుతున్నాయి నిజమే. వాటిని తియ్యవలసిందే. బతికున్న తీగను వాటితో కలిపి నరకడం దేనికి?)

ఇక మీ మోడెమ్ సంగతి. మిగిలిన తీగను ఫలహారపు పళ్ళెమంత వెడల్పున చుట్టి గోడకు వదులుగా తగిలించమనండి. కొయ్యక తప్పకపోతే వేడితో అతికే స్ప్లైసింగ్ అడగండి. పనికి ముందు ఒకసారి, తరువాత ఒకసారి పవర్ మీటరు పెట్టించండి. సాధారణ జీపాన్‌లో మైనస్ 27 దాటి కిందికి పోతే ఎర్రదీపమే. ఆ రెండు అంకెలూ టెక్నీషియన్ మెట్లు దిగకముందే రాసుకోండి.