కుర్సీ మనదే, నుమాయిందగీ ఎవరిది?



ఎలక్షన్ల సీజన్ వచ్చిందంటే మన మహల్లాల్లో ఒక మాట తప్పకుండా వినపడుతుంది. "గుంటూరు తూర్పు మన సీటు." గల్లీ లీడర్ల దగ్గర్నుంచి మస్జిద్ మెట్ల మీద కూర్చునే బుజుర్గుల దాకా అందరి నోటా ఇదే. నేనూ చాన్నాళ్లు ఫఖర్‌గా అన్నవాణ్ణే. ఇప్పుడు వింటే చిరాకేస్తోంది. ఎందుకో చెబుతాను. నారాజ్ అయ్యేవాళ్లు అవ్వండి, కానీ ఆఖరి దాకా చదివి అవ్వండి.

ముందు తారీఖ్ చూద్దాం. 2008 డీలిమిటేషన్ ముందు ఈ సీటు పేరు గుంటూరు-1. 1978లో ఇక్కడ గెలిచింది లింగంశెట్టి ఈశ్వరరావు. 1983లో ఎన్టీఆర్ గాలి వీచినప్పుడు తెలుగుదేశం తరఫున ఒక పఠాన్ సాహెబ్ గెలిచారు. అంతే, ఆ తర్వాత ఈ కుర్సీ మీద ముసల్మాన్ కానివాడు కూర్చోలేదు. 1985, 1989లో కాంగ్రెస్ నుంచి మహమ్మద్ జానీ. 1994, 1999లో తెలుగుదేశం నుంచి జియావుద్దీన్. 2004లో షేక్ సుభానీ, 2009లో మస్తాన్ వలీ, ఇద్దరూ కాంగ్రెస్. 2014, 2019లో వైఎస్సార్‌సీపీ ముస్తఫా. 2024లో తెలుగుదేశం నసీర్ అహ్మద్. పది ఎలక్షన్లు, ఏడుగురు మనుషులు, మూడు పార్టీలు. ఏడుగురూ మగవాళ్లే, అది కూడా రాసి పెట్టుకోండి.

ఇది రిజర్వుడు సీటు కాదు. కాగితం మీద ఎక్కడా లేదు. అంగ్రేజుల జమానాలో ఉండేది: 1909 నుంచి మనకు వేరే ఓటరు జాబితాలు, 1937లో మద్రాసు అసెంబ్లీలో 215 సీట్లుంటే అందులో 28 ముసల్మాన్లవి. 1949లో రాజ్యాంగ సభ దాన్ని తీసేసింది. మళ్లీ తెమ్మని నేను అడగడంలేదు, ఆ బటవారాలో ఎంత నష్టపోయామో మనకు తెలుసు. కానీ గుంటూరు తూర్పులో జరిగిందేమిటి? చట్టం తీసేసిన దాన్ని పార్టీలు తమ జేబులో పెట్టుకున్నాయి. చట్టం ఇస్తే హక్ అవుతుంది. పార్టీ ఇస్తే బఖ్షీష్ అవుతుంది. బఖ్షీష్ తీసుకున్నవాడు ఇచ్చినవాణ్ణి సవాల్ అడగలేడు, సలాం కొట్టి పక్కకు జరుగుతాడు.

హిసాబ్ చూడండి. ఆంధ్రప్రదేశ్ జనాభాలో మనం 7 శాతానికి పైనే. అసెంబ్లీలో 175 కుర్సీలు. ఆ లెక్కన పన్నెండు మంది ఉండాలి. 2014లో నలుగురు. 2019లో నలుగురు. 2024లో ముగ్గురు: గుంటూరు తూర్పు, నంద్యాల, మదనపల్లె. కోస్తా మొత్తానికి మిగిలింది ఈ ఒక్క సీటే. మచిలీపట్నంలో, ఒంగోలులో, నరసరావుపేటలో మనవాళ్లు ఓట్లేసే యంత్రాలే తప్ప టికెట్ అడిగే మొహాలు కావు. అడిగితే జవాబు రెడీ. "గుంటూరులో ఇచ్చాం కదా భాయ్!" మన సీటు అని మనం మురిసిపోతున్నది వాళ్ల దృష్టిలో రసీదు. కట్టేశాం, బాకీ లేదు అని చూపించే రసీదు.

2014లో ఇదే రసీదు ఎట్లా పనిచేసిందో గుర్తుందా? ఆ నలుగురూ అపోజిషన్‌లో గెలిచారు. రూలింగ్ పార్టీకి మన ఎమ్మెల్యే ఒక్కడూ లేడు కాబట్టి మినిస్ట్రీలో మనకు జగా లేదన్నారు. 2018 నవంబరులో, ఎలక్షన్లకు అయిదు నెలల ముందు, ఎమ్మెల్సీ ఫరూఖ్ సాహెబ్‌ను పిలిచి మంత్రిని చేశారు. నాలుగేళ్లకు పైగా ముసల్మాన్ మంత్రి లేని హుకూమత్ నడిచింది. ఎమ్మెల్సీని మంత్రి చేయొచ్చని నాలుగేళ్ల పాటు ఎవరికీ తట్టలేదన్నమాట!

సరే, పై మాటలు వదిలేసి కింద గల్లీలోకి రండి. 2018 మార్చిలో ఆనందపేట, సంగడిగుంట వైపు ఏం జరిగింది? కుళాయి నీళ్లలో మురుగు కలిసింది. అతిసారంతో వందల మంది ప్రభుత్వాసుపత్రికి పరిగెత్తారు. జనాజాలు లేచాయి. జానీ, జియావుద్దీన్, సుభానీ, మస్తాన్ వలీ, ముస్తఫా, పేర్లన్నీ మనవే. ముప్ఫై అయిదేళ్లుగా కుర్సీ మనదే. అయినా మురుగు కాలువ పక్కన మంచినీళ్ల పైపు ఎందుకుంది? అప్పటి ఎమ్మెల్యే అపోజిషన్ మనిషి, ఆయన చేతిలో ఏముందంటారా? మరి ఆయన పార్టీ 2019లో గెలిచాక? తొమ్మిది వందల కోట్లు దాటిన అంచనాతో మొదలుపెట్టిన భూగర్భ డ్రైనేజీ రోడ్లు తవ్వి మధ్యలో ఆగిపోయింది. గుంతల్లో పడింది మన పిల్లలే.

దీనికి ఇంకో వజహ్ ఉంది, ఎవరూ మాట్లాడరు. గుంటూరు కార్పొరేషన్‌కు 2005లో ఎలక్షన్లు జరిగాయి, 2010లో గడువు అయిపోయింది. మళ్లీ జరిగింది 2021లో. అంటే పదేళ్లకు పైగా ఈ షహర్‌లో కార్పొరేటర్ అనేవాడే లేడు. కాలువ తీయించేది ఎమ్మెల్యే కాదు, కార్పొరేటర్. వీధి దీపం, కుళాయి, చెత్తబండి అన్నీ అక్కడివే. 2018లో నీళ్లు తాగి చచ్చినప్పుడు ఆ వార్డుకు అడగడానికి ఒక మనిషి లేడు. ఆ పదేళ్లలో మనం ఎన్ని జల్సాలు చేశాం? కార్పొరేషన్ ఎలక్షన్లు పెట్టండని ఒక్క జల్సా చేశామా? మన షౌక్ అంతా పెద్ద కుర్సీ మీదే.

ఢిల్లీ సంగతి చెప్పకపోతే బాత్ పూరీ కాదు. 2019 డిసెంబరులో పౌరసత్వ బిల్లుకు తెలుగుదేశమూ ఓటేసింది, వైఎస్సార్‌సీపీ కూడా వేసింది. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ బిల్లుకు తెలుగుదేశం ఓటేసింది. రెండుసార్లూ గుంటూరు తూర్పు ఎమ్మెల్యే ఆ ఓటేసిన పార్టీ మనిషే. ఎమ్మెల్యేకి పార్లమెంటులో ఓటు లేదు, నాకూ తెలుసు. కానీ నోరుంది కదా? ఇస్తీఫా అనే కాగితం ఒకటుంది కదా? బిల్లు పాసైన జుమా రోజు ఈద్గా దగ్గర నిలబడి "మా పార్టీ చేసింది ఘలత్" అనడానికి ఎంత ఖర్చవుతుంది?

నోరు లేదనీ అనలేం. 2022 మొదట్లో జిన్నా టవర్ పేరు మార్చమని బీజేపీ గొడవ చేసింది. ఫిబ్రవరి నాటికి మినార్‌కు మువ్వన్నెల రంగులు పడ్డాయి, ఎమ్మెల్యేగారు వచ్చి చూశారు, హోంమంత్రి జెండా ఎగరేశారు. జెండా మనది, దాని మీద నాకు షికాయత్ లేదు. నేననేది ఒక్కటే: రంగులకు దొరికిన ఆ తేజీ పైపులకు ఎందుకు దొరకలేదు?

మొన్న మా చాచా ఒకాయన నామీద విరుచుకుపడ్డారు. "ఒరే బేటా, ఉన్న ఒక్కటీ పోగొట్టుకుంటామా? విజయవాడ వెస్ట్ చూశావా?" అన్నారు. చూశాను చాచా. జలీల్ ఖాన్, నాసర్ వలీ గెలిచిన సీటు, 2024లో పొత్తులో బీజేపీకి పోయింది, సుజనా చౌదరి గెలిచాడు. మీ భయం సహీ. కానీ ఆ సీటు పోయింది మనం సవాల్ అడిగినందుకా? అడగనందుకు. పార్టీ ఇచ్చిన బఖ్షీష్‌ను పార్టీ ఎప్పుడు కావాలంటే అప్పుడు వాపస్ తీసుకుంటుంది. గుంటూరు తూర్పు కూడా ఏదో ఒక పొత్తులో అట్లాగే పోతుంది, అప్పుడు ఎవర్ని అడుగుతారు?

ఓటు అమానత్ అని, షహాదత్ అని ఉలమాలు మెంబర్ ఎక్కి చెబుతారు. సాక్ష్యం చెప్పేవాడు మనిషి పేరు చూసి చెబుతాడా, పని చూసి చెబుతాడా? రెండు పెద్ద పార్టీలూ ఎక్కువగా మనవాళ్లనే నిలబెడతాయి కాబట్టి మన ముందు వచ్చే ఫైసలా "ఏ షేక్, ఏ మహమ్మద్" అన్నంత వరకే. 2024లో తండ్రి కుర్సీకి కూతురు నూరీ ఫాతిమా వచ్చింది. ఒక ముసల్మాన్ ఆడబిడ్డ నిలబడటం నాకు ఖుషీనే. కానీ ఆ టికెట్ బిందెలు మోసే ఏ ఆపాకూ దొరకదు, ఖాందాన్‌కే దొరుకుతుంది.

కాబట్టి ఈసారి టోపీ పెట్టుకుని ఇఫ్తార్ దావత్‌కు పిలిచేవాళ్లను, ఏ పార్టీ అయినా సరే, దస్తర్‌ఖాన్ మీద కూర్చోబెట్టే ముందు నిలబెట్టి అడగండి. కోస్తాలో ఇంకో రెండు సీట్లలో ముసల్మాన్‌ను నిలబెడతారా? కార్పొరేషన్ గడువు అయిపోయిన రోజే ఎలక్షన్లు పెడతారా? ఆనందపేటలో మురుగు కాలువకూ మంచినీళ్ల పైపుకూ మధ్య ఎన్ని అడుగుల దూరం పెడతారు, ఎప్పటికి పెడతారు? జవాబు నోటితో వద్దు, కాగితం మీద దస్తఖత్ చేసి ఇమ్మనండి. ఆ కాగితాన్ని మస్జిద్ నోటీస్ బోర్డు మీద నమాజ్ టైముల పక్కనే అంటిద్దాం.