రెయిడ్ ఉంది కదా, ఇంకేం భయం?

నిజామాబాద్‌లో సర్వర్ పెట్టుకున్న చిన్న ఆఫీసుల్లో ఈ మాట వింటుంటాం. నన్నడిగితే డేటాకు అసలు ప్రమాదం ఈ ధీమానే.

1988లో బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన పేపర్‌తో రెయిడ్ అన్న పేరు వచ్చింది. ఖరీదైన పెద్ద డిస్క్ బదులు చవక డిస్కులు కొన్ని కలిపి వాడాలి, ఒకటి పోయినా పని ఆగొద్దు అన్నదే ఐడియా. 4 టీబీ డిస్కులు నాలుగు రెయిడ్ 5లో పెడితే 12 టీబీ వాడుకోవచ్చు. ఒక డిస్క్ పోయినా డేటా ఉంటది. అది మార్చేలోపు రెండోది పోతే అంతా పోయినట్టే.

అందుకే కంట్రోలర్ కార్డు బిగించడంతో పని అయిపోదు. అది బీప్ కొడితే సౌండ్ ఆపేసి ఊరుకోవద్దు, వెంటనే డిస్క్ మార్చాలి. క్యాష్ బ్యాటరీ కూడా చూసుకోవాలి. బ్యాటరీ చచ్చిపోయినా రైట్ బ్యాక్ ఆన్‌లోనే ఉంచితే, కరెంటు పోయినప్పుడు డిస్కుకు చేరని డేటా గల్లంతే.

ఇవన్నీ చేసినా రెయిడ్ బ్యాకప్ కాదు. పొరపాటున ఫైల్ డిలీట్ చేస్తే అన్ని డిస్కుల్లోంచీ పోతది. పసుపు బస్తాలను ఒకే గోదాంలో రెండు మూలల పేర్చినట్టు అన్నమాట. ఒక మూల వాన కురిసినా రెండోది మిగులుతది. గోదామే తగలబడితే? వేరే గోదాంలో కొంత ఉండాలి.

మనం రెయిడ్ లెవెల్స్ మార్కుల కోసం చదువుతాం. ల్యాబ్‌లో ఒక పాత సర్వర్ ఇచ్చి, నడుస్తుండగా డిస్క్ పీకి రీబిల్డ్ చేయమనాలి, బ్యాకప్ నుంచి ఫైల్ వెనక్కి తెమ్మనాలి. రేపు ఎవరి జీతాల లెక్కలో, ఎవరి మార్కుల మెమోలో మన చేతికే వస్తాయి.