నీళ్ళ మధ్య చిక్కిన ప్రాణాలు

రాబిన్సన్ క్రూసో కథ మీలో చాలామంది బళ్ళో ఉపవాచకంగా చదువుకునే ఉంటారు. ఓడ మునిగి, ఒక్కడే ఒక దీవికి కొట్టుకొచ్చి, మేకల్ని మచ్చిక చేసుకుని, ఏళ్ళ తరబడి బతికిన మనిషి కథ. డేనియల్ డెఫో అనే ఇంగ్లీషు రచయిత 1719లో అచ్చు వేయించాడు. అది కల్పితమే అనుకోండి. కానీ దాని వెనక నిజంగా బతికిన మనుషులున్నారు. అలెగ్జాండర్ సెల్కర్క్ అనే స్కాట్లాండు నావికుడు ఒకరు. ఓడ కెప్టెనుతో గొడవపడి 1704లో దక్షిణ అమెరికా పక్కనున్న ఒక దీవిలో దిగిపోయి, 1709 దాకా ఒక్కడే ఉన్నాడు. ఈయన పేరు అందరూ చెప్తారు. డెఫోకి ఉపయోగపడిందని పెద్దలు చెప్పే ఇంకో మనిషి రాబర్ట్ నాక్స్. ఈయన కష్టాలు మొదలైంది ఎక్కడో కాదు, మన బందరు రేవులో.

నల్లగొండ, పాలమూరు వాళ్ళకి సముద్రంతో ఏం పని అంటారేమో. మన బాధంతా నీళ్ళు లేకపోవడమే గానీ నీళ్ళల్లో కొట్టుకుపోవడం కాదు కదా. అయితే ఆ కాలంలో బందరు గోల్కొండ నవాబుల రేవు. గోల్కొండ నుంచి బందరుకు పోయే బాట మన నల్లగొండ సీమ మీదుగానే సాగేది. బట్టల మూటలు, రకరకాల సరుకులు బండ్ల మీద, ఎద్దుల మీద మన ఊళ్ళు దాటుకుంటూ వెళ్ళి ఓడలెక్కేవి.

అలాంటి ఓడల్లో ఒకటి 'ఆన్'. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ పని మీద తిరిగేది. దాని కెప్టెను పేరు కూడా రాబర్ట్ నాక్సే, తండ్రి. కొడుకు నాక్స్ వెంట ఉన్నాడు. సరుకు ఎక్కించుకుని ఇక ఇంటికి బయల్దేరదామనుకుంటుండగా 1659 నవంబరు 19న బందరు దగ్గర పెద్ద తుఫాను కొట్టింది. చాలా ఓడలు పోయాయి. 'ఆన్' మునగకుండా ఉండాలని దాని పెద్ద తెరచాప కొయ్యని నరికి పడేశారు. నవంబరు 19 అనగానే మీకు ఏమైనా గుర్తొచ్చిందా? 1977లో దివిసీమని ముంచేసిన ఉప్పెన వచ్చిందీ నవంబరు 19నే. ఇంగ్లీషువాళ్ళు అప్పుడు వాడింది పాత క్యాలెండరు గనక రోజు సరిగ్గా ఒకటి కాదు లెండి. అయినా అదే తీరం, దాదాపు అదే రోజులు. చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

కొయ్య విరిగిన ఓడని బాగు చేసుకోవడానికి శ్రీలంకలో ట్రింకోమలీ దగ్గర కొట్టియారు తీరానికి వెళ్ళారు. అక్కడ 1660లో, చింతచెట్టు కింద కూర్చున్న తండ్రిని కాండీ రాజుగారి మనుషులు పట్టుకున్నారు. తర్వాత కొడుకుని కూడా. మొత్తం 16 మంది. కొడుక్కి అప్పటికి 19 ఏళ్ళు. మళ్ళీ ఆ దేశం నుంచి బయటపడింది ఇంకో 19 ఏళ్ళకి!

రాజు వాళ్ళని జైల్లో పెట్టలేదు. తలా ఒక ఊరికి పంచి, 'వీళ్ళకి అన్నం పెట్టండి, పారిపోనివ్వకండి' అని ఊరివాళ్ళకి అప్పజెప్పాడు. చుట్టూ కొండలు, అడవి. గోడలు ఎందుకు? తండ్రీ కొడుకులు ఇద్దరికీ చలిజ్వరం పట్టుకుంది. 1661 ఫిబ్రవరిలో తండ్రి చనిపోయాడు. పాతిపెట్టడానికి సాయం రమ్మంటే ఊరివాళ్ళు పశువుల్ని కట్టే తాడు తెచ్చారట, ఈడ్చుకు పొమ్మని. ఆ పిల్లవాడు ఒప్పుకోలేదు. కూలి ఇచ్చి ఒక మనిషిని సాయం తెచ్చుకుని, వెంట ఉన్న నౌకరు కుర్రాడితో కలిసి తన చేత్తోనే తండ్రిని మట్టి చేశాడు. ఇరవై ఏళ్ళ కుర్రాడు, లేవలేని జ్వరంలో. కన్నతల్లి అంతకుముందే ఇంగ్లండులో పోయింది. ఆ సమయంలో వాడికి ఒక ముద్ద కలిపి పెట్టే చెయ్యి కూడా లేదు.

సినిమా అయితే ఇక్కడ హీరో కత్తి పట్టి అడవిలోకి దూకుతాడు. నాక్స్ ఏం చేశాడో తెలుసా? టోపీలు అల్లాడు! నూలు కొనుక్కుని టోపీ అల్లి అమ్మితే అసలు పోను కాస్త మిగిలేది. అంతకుముందు వండిన అన్నం వద్దు, బియ్యమే ఇవ్వండని ఊరివాళ్ళని అడిగి, తానే వండుకుని, కొంత మిగిల్చేవాడు. కోళ్ళు పెంచాడు, మేకలు పెంచాడు. ఇల్లు కట్టుకున్నాడు. వడ్లు అప్పులిచ్చి పంటకి ఒకటికి ఒకటిన్నర చొప్పున తీసుకున్నాడు. మన దిక్కు పాత రోజుల్లో దొరలు తీసుకునే నాగు వడ్డీయే అన్నమాట. (కష్టంలో ఉన్నవాడు కూడా వడ్డీ దగ్గర తగ్గలేదు చూడండి!) అయితే ఆ అప్పులు వసూలు చేసుకోవడం తలకి మించిన పనై, చివరికి మూట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి సరుకులమ్మే వ్యాపారంలోకి దిగాడు.

ఒకసారి జ్వరం మీదే వాగులో చేపలు పడుతుంటే, ఒక ముసలాయన తన దగ్గరున్న పుస్తకం అమ్మకానికి తెచ్చాడు. చూస్తే ఇంగ్లీషు బైబిలు. ఆ అడవిలో! తన దగ్గరున్న ఒకే ఒక్క వరహా ఇచ్చేయబోయాడట. నౌకరు కుర్రాడు తెలివిగా ఆపి, ఒక అల్లిక టోపీకి బేరం కుదిర్చాడు. బేరం దగ్గర పక్కన ఒక మనిషి ఉండాలని మా అత్తమ్మ ఊరికే అనేది కాదు.

తోటివాళ్ళు కొందరు అక్కడి అమ్మాయిల్ని పెళ్ళి చేసుకుని స్థిరపడ్డారు. నాక్స్ చేసుకోలేదు. పెళ్ళి చేసుకుంటే కాలు కదలదని భయం. కానీ తోటి ఇంగ్లీషు వాడి కూతురు, లూసియా అనే చిన్నపిల్లని తెచ్చి పెంచుకున్నాడు. ఇక మూట మోసుకుంటూ ఉత్తరం వైపు ఊళ్ళన్నీ తిరగడం వెనక అసలు పని దారులు తెలుసుకోవడం. ఏళ్ళ తరబడి అదే చేశాడు. ఎక్కడ నీళ్ళుంటాయి, ఎక్కడ కాపలా ఉంటుంది, ఎవరు ఏమడుగుతారు అన్నీ చూసుకున్నాడు. 1679లో స్టీఫెన్ రట్లాండ్ అనే తోటివాడితో కలిసి, ఎప్పట్లాగే సరుకులమ్మడానికి పోతున్నట్టు బయల్దేరాడు. వానకి తలమీద కప్పుకోవడానికి తాళపత్రపు ఆకు, ఏనుగుల్ని బెదిరించడానికి నిప్పు. అనురాధపురం దాటి, ఒక వాగు వెంబడే అడవిలో నడిచి నడిచి, అక్టోబరులో అరిప్పు అనే డచ్చివాళ్ళ కోటకి చేరారు. మరుసటి ఏడాది లండను. 1681లో పుస్తకం.

మరి లూసియా? ఆ పిల్లకి చెప్పి వెళ్ళే వీలు లేదు. చెప్తే అందరి ప్రాణాలకీ ముప్పు. తర్వాత ఉత్తరం రాసి అక్కడి తన ఇల్లూ భూమీ ఆ పిల్లకి ఇచ్చాడు. ఇచ్చాడు గానీ, సాయంత్రం నాన్న మూటతో తిరిగొస్తాడని గుమ్మంలో చూసిన పిల్ల సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. పాలమూరు నుంచి బొంబాయికో దుబాయికో మనుషుల్ని పంపి ఎదురుచూసిన ఇళ్ళవాళ్ళకి ఈ ముక్క వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఆడవాళ్ళ సంగతి. ఇది చాలామందికి తెలియదు. మడగాస్కరు పక్కన సముద్రంలో చదరపు కిలోమీటరు వెడల్పుండే ఇసుక దిబ్బ ఒకటుంది. నీడకి చెట్టు లేదు. 1761 జూలై 31 రాత్రి ఒక ఫ్రెంచి ఓడ దానికి గుద్దుకుని పగిలిపోయింది. అందులో దొంగతనంగా తీసుకెళ్తున్న మడగాస్కరు బానిసలు దాదాపు 160 మంది. ఓడ అడుగున మూతేసి ఉంచడంతో సగం మంది అక్కడే పోయారు. మిగిలినవాళ్ళు తెల్లవాళ్ళతో కలిసి బావి తవ్వారు, పగిలిన చెక్కలతో పడవ కట్టారు. రెండు నెలలకి పడవ తయారైంది. తెల్లవాళ్ళు ఎక్కారు. మళ్ళీ వచ్చి తీసుకెళ్తాం అని చెప్పి, 60 మందిని అక్కడే దించేసి పోయారు.

పదిహేనేళ్ళు ఎవరూ రాలేదు.

1776 నవంబరులో ట్రొమెలిన్ అనే కెప్టెను ఓడ వచ్చేసరికి మిగిలింది ఏడుగురు ఆడవాళ్ళు, ఎనిమిది నెలల పసిబిడ్డ. ఒక్క మగవాడు లేడు. పక్షుల ఈకలు అల్లి కట్టుకున్నారు. తాబేళ్ళు, పక్షులు, గుడ్లు తిన్నారు. నిప్పు మాత్రం పదిహేనేళ్ళూ ఆరనివ్వలేదట. అగ్గిపెట్టె లేని రోజుల్లో పొయ్యిలో కుంపటి కప్పిపెట్టి, పక్కింటికి పిడకతో నిప్పు ఇచ్చిన మన అమ్మమ్మలకి అది ఎంత పనో తెలుసు. 2006 నుంచి ఫ్రెంచి పురాతత్వ శాఖవాళ్ళు అక్కడ తవ్వారు. రాళ్ళు పేర్చి కట్టుకున్న ఇళ్ళ గోడలు బయటపడ్డాయి. వంట గిన్నెలు బయటపడ్డాయి. రాగి గిన్నెలు చిల్లులు పడితే రాగి ముక్కలతోనే మాట్లు వేసుకున్నారు. ఒక్కో గిన్నెకి మాటు మీద మాటు. గరిటెలు కూడా చేసుకున్నారు. ఆ ఆడవాళ్ళ పేర్లు సరిగా రాసి పెట్టినవాళ్ళు లేరు, ఆ దీవికి మాత్రం కాపాడిన కెప్టెను పేరు పెట్టారు! వాళ్ళని తీసుకెళ్ళింది మారిషస్‌కి. తర్వాత వందేళ్ళలో మన తెలుగువాళ్ళు కూలీలుగా వెళ్ళింది కూడా ఆ గడ్డకే.

మన కృష్ణమ్మ కూడా తక్కువదేం కాదు. గద్వాల దగ్గర గుర్రంగడ్డ అనే ఊరు నది నడుమ ఉంది. ఏళ్ళ తరబడి ఆ ఊరికి పుట్టి, పడవలే దారి. వరదొస్తే అదీ ఉండేది కాదు. 2009 అక్టోబరులో కృష్ణ, తుంగభద్ర పొంగి అలంపురం మునిగిన సంగతి మీకు గుర్తే.

ఎగువన కర్ణాటక యాదగిరి జిల్లాలో (మన యాదగిరిగుట్ట కాదు) ఇలాంటి గడ్డ మీదే ఒక ఊరుంది. 2014 జూలైలో డ్యాము నీళ్ళు వదిలితే దారి తెగిపోయింది. ఊళ్ళో ఆస్పత్రి లేదు. ఇరవై రెండేళ్ళ అమ్మాయికి నెలలు నిండాయి. పడవ దిగే పరిస్థితి లేదు. ఆమె ఏం చేసిందంటే, ఎండిన ఆనిగెపుకాయ బుర్రలు నడుముకి కట్టుకుని నదిలో దిగింది! ముందు అన్న, వెనక తండ్రి, చుట్టాలు. ప్రవాహం పక్కకి లాగడంతో దాదాపు కిలోమీటరు ఈది ఒడ్డెక్కింది. భయమైంది కానీ బిడ్డ కోసం తప్పలేదని పేపర్లవాళ్ళతో చెప్పింది.

చిన్నప్పుడు దిగుడు బావుల్లో పిల్లలకి ఈత నేర్పేటప్పుడు నడుముకి బెండు కట్టేవాళ్ళు కదా, ఇదీ అదే. కాయని తీగ మీదే పూర్తిగా ఎండనిచ్చి, లోపల గింజలు గలగలమన్నాక కోస్తే బుర్ర గట్టిగా, తేలికగా ఉంటుంది. పగులు ఉంటే నీళ్ళు పట్టి మునుగుతుంది గనక ముందు బకెట్లో ముంచి చూడాలి. మీ ఊళ్ళో కృష్ణ, మూసీ, డిండి వరదల్లో చిక్కి ఇలా బయటపడ్డ ఆడవాళ్ళుంటే, ఏం కట్టుకున్నారో, ఏం తిన్నారో, రాత్రి ఎక్కడ పడుకున్నారో అడిగి నాకు రాయండి.